ఆరు నెలల ప్రాజెక్టుకు ఏ పాలిమర్ బ్లెండ్? ఆర్గానిక్ సోలార్ సెల్స్ మొదలుపెట్టేవాళ్లకు పోలిక, సలహా

డిసెంబరు వచ్చిందంటే అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు బెంగళూరు వచ్చే పిల్లలు. ఈసారి ఒక అమ్మాయి యశ్వంతపూర్‌లో రైలు దిగీ దిగకముందే అడిగింది: "అక్కా, మా గైడ్ నాలుగు బ్లెండ్ల పేర్లు చెప్పి నువ్వే ఒకటి ఎంచుకో అన్నారు. అన్నిటికన్నా ఎఫిషియెన్సీ ఎక్కువున్నది తీసుకుంటే సరిపోతుంది కదా?"

సరిపోదు. ఎందుకు సరిపోదో ఆ రోజు ఫోన్లో చెప్పలేకపోయాను. ఏళ్ల తరబడి ఈ ఊళ్లో ఇవే పొరలు పూస్తున్నదాన్ని కాబట్టి, తెలిసినంత మేరకు తీరిగ్గా రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను. రికార్డు అంకె చూసి బ్లెండ్ (సెల్‌లో వెలుగు పీల్చుకునే పొర కోసం కలిపే పదార్థాల మిశ్రమం) ఎంచుకోకండి. మీకున్న రోజులు, మీ ల్యాబులో ఉన్న పరికరాలు, మీరు తేల్చాలనుకున్న ప్రశ్న చూసి ఎంచుకోండి.

## బ్లెండ్ ఎందుకు కావాలి

సిలికాన్‌లో వెలుగు పడగానే ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ ఖాళీ చేసిన చోటు) సులువుగా విడిపోతాయి. పాలిమర్లో అలా కాదు. దీని డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 3, 4 మధ్య ఉంటుంది, సిలికాన్‌కు దాదాపు 12. అందుకే పాలిమర్లో ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే తిరుగుతాయి. ఆ జంట పేరే ఎక్సిటాన్. సుమారు 10 నానోమీటర్లు నడిచేలోగా దానికి యాక్సెప్టర్ (ఎలక్ట్రాన్‌ను అందుకునే పదార్థం) అంచు తగలాలి. తగలకపోతే పీల్చుకున్న వెలుగు వృథా. మరోపక్క, వెలుగును బాగా పీల్చుకోవాలంటే పొర సుమారు 100 నానోమీటర్ల మందమైనా ఉండాలి.

10కీ 100కీ కుదరని ఈ పేచీ తీర్చడానికే డోనర్‌నూ (ఎలక్ట్రాన్‌ను ఇచ్చే పదార్థం) యాక్సెప్టర్‌నూ ఒకే ద్రావణంలో కలిపి పూస్తారు. 1995లో అలన్ హీగర్ బృందం పాలిమర్‌నూ ఫుల్లరీన్‌నూ (బంతిలాంటి కార్బన్ అణువు) ఇలా కలిపి చూపించాక ఈ రంగం దారిన పడింది.

పులిహోర కలిపిన చేతికి ఇది వెంటనే అర్థమవుతుంది. సరిగ్గా కలపకపోతే తెల్ల అన్నం ఉండలు మిగిలిపోతాయి. అదే పనిగా పిసికితే అంతా ముద్దయిపోతుంది. మెతుకు మెతుకుకూ పులుసు పట్టాలి, మెతుకు విడిగానే ఉండాలి. బ్లెండ్‌లోనూ అంతే. డోనర్, యాక్సెప్టర్ ప్రాంతాలు పది ఇరవై నానోమీటర్ల సైజులో విడివిడిగా ఉండాలి, అయినా పై నుంచి కింది దాకా దేని దారి దానికి తెగకుండా సాగాలి. మనం ఎంచుకునే ద్రావణి, అందులో కలిపే చుక్క (అడిటివ్), పెట్టే వేడి అన్నీ ఈ కలయిక కోసమే.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

ఏ వెలుగు పీల్చుకుంటుంది? సూర్యకాంతి శక్తిలో దాదాపు సగం 700 నానోమీటర్లు దాటాకే ఉంటుంది. 650 దగ్గర ఆగిపోయే బ్లెండ్ ఆ సగాన్ని ముట్టుకోదు. అయితే మీ సెల్ ఎండలో పనిచేస్తుందా, గదిలో ఎల్‌ఈడీ కింద పనిచేస్తుందా అన్నది కూడా చూడాలి. గదిలో లెక్క పూర్తిగా మారిపోతుంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

వోల్టేజీలో ఎంత పోతుంది? కొత్తవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే. పీల్చుకున్న ఫోటాన్ శక్తిలోంచి చేతికొచ్చే వోల్టేజీ తీసేయండి, మిగిలిందే నష్టం. పీ3హెచ్‌టీ అనే డోనర్ పాలిమర్ బ్యాండ్ గ్యాప్ (అది పీల్చుకోగల అతి తక్కువ ఫోటాన్ శక్తి) సుమారు 1.9 ఎలక్ట్రాన్ వోల్టులు. పీసీబీఎం అనే ఫుల్లరీన్ యాక్సెప్టర్‌తో కలిపితే చేతికొచ్చేది 0.6 వోల్టు. అంటే దాదాపు 1.3 పోయింది. వై6 అనే కొత్త యాక్సెప్టర్ బ్యాండ్ గ్యాప్ 1.33, పీఎం6 అనే డోనర్ పాలిమర్‌తో కలిపితే వచ్చేది 0.83. పోయింది 0.5 మాత్రమే. ఈ రంగం 3, 4 శాతం దగ్గర్నుంచి పదిహేను దాటడానికి ఎక్కువ వెలుగు పీల్చుకోవడం ఒక్కటే కారణం కాదు, ఈ పొదుపు కూడా కారణం.

పొర కుదరడం ఎంత కష్టం? ద్రావణి, కలిపే చుక్కలు, వేడి, గాలిలో తేమ లాంటి వాటిలో కాస్త తేడా వస్తే ఎంత దెబ్బ తింటుంది? కొన్ని బ్లెండ్లు ఓర్చుకుంటాయి, కొన్ని అస్సలు ఓర్చుకోవు.

ఎన్నాళ్లు నిలుస్తుంది? వెలుగుకు, ఆక్సిజన్‌కు, వేడికి ఏ బ్లెండ్ అయినా ఒకేలా తట్టుకోదు. ఒకటి వేడికి చెడితే ఇంకొకటి వెలుగుకు చెడుతుంది.

ఇక ధర, దొరకడం. పాలిమర్‌లో దీనికి తోడు ఇంకో సమస్య ఉంది. ఒకే పేరుతో కొన్న రెండు సీసాల్లో పొడి ఒకటి కాకపోవచ్చు. అణుభారం మారితే పొర మారుతుంది, పొర మారితే మీ గ్రాఫులన్నీ మారతాయి.

## ఒక్క చూపులో

| బ్లెండ్ | వెలుగు ఎంతవరకు | వోల్టేజీ | మంచి చేతిలో సామర్థ్యం | పూసే తీరు |
|---|---|---|---|---|
| పీ3హెచ్‌టీ + పీసీబీఎం | దాదాపు 650 నా.మీ. | 0.6 వో. | 3–4 శాతం, చాలా బాగా కుదిరితే 5 దగ్గర | క్లోరోబెంజీన్ లేదా డైక్లోరోబెంజీన్, తర్వాత 110–150 డిగ్రీల వేడి |
| పీసీడీటీబీటీ + పీసీ71బీఎం | దాదాపు 650 నా.మీ. | 0.88 వో. | సుమారు 6 శాతం | డైక్లోరోబెంజీన్, పెద్ద వేడి అక్కర్లేదు |
| పీటీబీ7-టీహెచ్ + పీసీ71బీఎం | దాదాపు 780 నా.మీ. | 0.8 వో. | 9–10 శాతం | క్లోరోబెంజీన్ + 3 శాతం డీఐఓ (డైఅయోడోఆక్టేన్) |
| పీ3హెచ్‌టీ + ఓ-ఐడీటీబీఆర్ | 700 దాటి | 0.72 వో. | 6.4 శాతం | క్లోరోబెంజీన్, తర్వాత వేడి |
| పీఎం6 + వై6 | దాదాపు 930 నా.మీ. | 0.83 వో. | 15–16 శాతం | క్లోరోఫాం + 0.5 శాతం క్లోరోనాఫ్తలీన్, 110 డిగ్రీలు |
| పీఎం6 + పీవై-ఐటీ | 850 పైన | 0.93 వో. | సుమారు 15 శాతం | క్లోరోఫాం |

ప్రతి వరసలో ముందున్నది డోనర్, తర్వాతది యాక్సెప్టర్. ఇవన్నీ ఒక చదరపు సెంటీమీటరులో పదో వంతు సైజున్న చిన్న సెల్స్ మీద వచ్చే అంకెలు. సైజు పెంచితే తగ్గుతాయి.

## పీ3హెచ్‌టీ + పీసీబీఎం

పాతదని దీన్ని చిన్నచూపు చూస్తారు. నేను చూడను.

పీ3హెచ్‌టీలో థయోఫీన్ ఉంగరాలు గొలుసులా ఉంటాయి, ఒక్కో ఉంగరానికి ఆరు కార్బన్ల తోక. ఆ తోకలన్నీ ఒకే వరసలో, తల-తోక క్రమంలో ఉంటే గొలుసులు చక్కగా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాయి. కొనేటప్పుడు రీజియోరెగ్యులారిటీ 95 శాతం పైన ఉందో లేదో చూడమనేది అందుకే.

దీని గొప్ప ఏమిటంటే లోపల జరిగేది కంటికి కనిపిస్తుంది. డైక్లోరోబెంజీన్‌లో కరిగిస్తే ద్రావణం ముదురు నారింజ రంగులో ఉంటుంది. స్పిన్ కోటర్‌ను (పలకను గిరగిరా తిప్పి పొర పూసే యంత్రం) త్వరగా ఆపి, ఇంకా తడిగా ఉన్న గాజు పలకను మూత పెట్టిన పెట్రీ డిష్‌లో పెట్టండి. రెండు మూడు నిమిషాలు ఏమీ జరగదు. తర్వాత ఒక అంచు దగ్గర నారింజ కాస్తా ముదురుతుంది. ఆ ముదురు గీత మెల్లగా పలకంతా పాకుతుంది. అది దాటిన చోటల్లా పొర వంకాయ రంగుకు మారిపోతుంది. గొలుసులు సర్దుకుని స్ఫటికాలవుతున్న చోటు ఆ గీతే. శోషణ వర్ణపటం తీస్తే 600 నానోమీటర్ల దగ్గర చిన్న భుజం లేచి ఉంటుంది. నాలుగు సెమిస్టర్లు పుస్తకంలో చదివిన 'మార్ఫాలజీ' అనే మాట నాకు నిజంగా అర్థమైంది ఆ నిమిషంలోనే.

ఇంకో మంచి గుణం, 200 నానోమీటర్ల మందంలో కూడా బాగానే పనిచేస్తుంది. కాబట్టి మొదటి నెల చేయి కుదరకపోయినా ఏదో ఒక సెల్ బతుకుతుంది. లోపాలు పైన చెప్పినవే: సగం వెలుగు ముట్టుకోదు, వోల్టేజీ మూడింట రెండొంతులు పోతుంది. పైగా వేడి తగిలినకొద్దీ పీసీబీఎం అణువులు కదిలి ఒకచోట గుమిగూడి పెద్ద గడ్డలవుతాయి. మైక్రోస్కోపులో సూదుల్లా కనిపిస్తాయి. మీ ప్రశ్న వేడికి నిలకడ గురించే అయితే, ఈ లోపమే మీకు మంచి ప్రాజెక్టు.

## నడిమి తరం: పీసీడీటీబీటీ, పీటీబీ7-టీహెచ్

పీసీడీటీబీటీ స్థిరంగా ఉంటుంది, వోల్టేజీ ఎక్కువ. కానీ ఒక భాగం పాలిమర్‌కు నాలుగు భాగాల పీసీ71బీఎం పోయాలి. సీ60తో చేసిన పీసీబీఎం కన్నా సీ70తో చేసిన పీసీ71బీఎం కనిపించే వెలుగును బాగా పీల్చుకుంటుంది, ఎందుకంటే దాని ఆకారంలో అంత సౌష్ఠవం లేదు. ధర కూడా ఎక్కువే. అంటే మీరు కొనేది ఎక్కువగా ఫుల్లరీనే. పైగా పొర 80 నానోమీటర్ల దగ్గర ఉంటేనే మంచి ఫలితం వస్తుంది, అంత సన్నగా పూస్తే దుమ్ము పడిన ప్రతి చోటా షార్ట్ అవుతుంది.

పీటీబీ7 కుటుంబం గురించి నా అనుభవం చెప్పాలి. 2010లో పీటీబీ7తో 7 శాతం దాటినప్పుడు అది పెద్ద వార్త. ముదురు నీలం పొర, చూడటానికే ముచ్చటేస్తుంది. దీనికి 3 శాతం డీఐఓ కలపాలి. డీఐఓ మరిగేది 300 డిగ్రీలు దాటాకే కాబట్టి పొర ఆరినా అది లోపలే ఉండిపోతుంది. ఒక శుక్రవారం సాయంత్రం శోషణ కొలవడానికి పక్క ల్యాబుకు తీసుకెళ్లిన నాలుగు పలకలు కిటికీ పక్క బల్ల మీద మిగిలిపోయాయి. సోమవారం చూస్తే నీలం పోయి, కడిగిన బట్టలా వెలిసి ఉన్నాయి. వెలుగు, గాలి కలిసి పాలిమర్ వెన్నెముకనే విరిచేశాయి. లోపల మిగిలిన డీఐఓ వెలుగులో అయోడిన్ రాడికల్స్‌ను వదిలి ఆ పనిని ఇంకా తొందరపెట్టింది. ఆ రోజు నుంచి డీఐఓ సీసాకు అల్యూమినియం రేకు చుట్టకుండా, పూసిన పొరను వాక్యూమ్‌లో పెట్టకుండా ఎవరినీ ముందుకు పోనివ్వను.

ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ రెండూ నేను చెప్పను. మీ ల్యాబులో ఇప్పటికే డబ్బా ఉండి, పాత డేటాతో పోల్చుకోవాల్సి వస్తే తప్ప.

## పీఎం6 + వై6

2019లో జౌ యింగ్‌పింగ్ బృందం వై6 అణువును ప్రకటించింది. పీఎం6తో కలిపి 15.7 శాతం. అప్పటిదాకా ఎలక్ట్రాన్ పట్టుకునే పని ఎక్కువగా ఫుల్లరీన్ లేదా ఐటీఐసీ రకం అణువులది. వై6 వచ్చాక అందరూ దానివైపే తిరిగారు. 2020లో డీ18 అనే పాలిమర్‌తో కలిపి 18 శాతం దాటించారు. ఈ కుటుంబంలోని కొత్త అణువులతో ఇప్పుడు 20 కూడా దాటింది.

ఇద్దరూ పని పంచుకునే తీరు బాగుంటుంది. పీఎం6 ఆకుపచ్చ, పసుపు, నారింజ వెలుగును పట్టుకుంటుంది. వై6 ఎరుపు చివర్నుంచి కంటికి కనిపించని పరారుణం దాకా, 930 నానోమీటర్ల వరకు పట్టుకుంటుంది. కరెంటు చదరపు సెంటీమీటరుకు 25 మిల్లీఆంపియర్లు, వోల్టేజీ 0.83, ఫిల్ ఫ్యాక్టర్ (గరిష్ఠ కరెంటు, వోల్టేజీల లబ్ధంలో నిజంగా చేతికొచ్చే భాగం) 75 శాతం అనుకోండి. మూడూ గుణిస్తే 15.6. పీ3హెచ్‌టీ బ్లెండ్‌కు ఇదే లెక్క 10 × 0.6 × 0.65 అనుకుంటే 3.9. మూడు అంకెల్లోనూ పెరిగితేనే ఇంత తేడా వచ్చింది. 300 నానోమీటర్ల మందంలో కూడా 13.6 శాతం వచ్చిందని ఆ మొదటి నివేదికలోనే ఉంది. రేపు పెద్ద మెషిన్ మీద పూయాలనుకునేవాళ్లకు ఇది చాలా విలువైన విషయం, ఎందుకంటే 100 నానోమీటర్లు కచ్చితంగా పూయడం ఫ్యాక్టరీలో చాలా కష్టం.

మరి కష్టం ఎక్కడ? మొదటిది క్లోరోఫాం. అది 61 డిగ్రీలకే మరుగుతుంది. బెంగళూరు ఏప్రిల్ మధ్యాహ్నం ఇరవై పలకలు పూశారనుకోండి, మూత తీసిన ప్రతిసారీ కాస్త ఆవిరవుతుంది, ద్రావణం చిక్కబడుతుంది. మొదటి పలకకూ ఇరవయ్యో పలకకూ మందంలో తేడా. మీరేమో అది అనీలింగ్ (పూశాక పెట్టే వేడి) వల్ల వచ్చిన తేడా అనుకుని గ్రాఫు గీస్తారు. ద్రావణాన్ని చిన్న సీసాల్లోకి పంచి, ఐదేసి పలకలకు ఒకటి వాడండి. పూసే వరసను కూడా కలగలపండి, అంటే వేడి పెట్టాల్సినవీ పెట్టకూడనివీ ఒకటి విడిచి ఒకటి పూయండి. ఇంకో జాగ్రత్త: క్లోరిన్ ఉన్న ద్రావణుల ఆవిరి గ్లవ్ బాక్స్ (గాలి, తేమ లేకుండా పనిచేసే పెట్టె) కేటలిస్ట్‌ను పాడుచేస్తుంది. పూసేటప్పుడు సర్క్యులేషన్ ఆపి, అయ్యాక పర్జ్ చేయండి (లోపలి వాయువును మార్చేయండి). ఇది మర్చిపోతే మీతో పాటు ల్యాబంతా నెల రోజులు ఆగిపోతుంది.

రెండోది పాలిమర్ బ్యాచ్. మూడోది కింద వేసే జింక్ ఆక్సైడ్. దాని మీద అతినీలలోహిత కాంతి పడితే ఫుల్లరీన్ కాని యాక్సెప్టర్లలో మధ్య ముక్కనూ చివరి ముక్కనూ కలిపే డబుల్ బాండ్ తెగుతుంది. నిలకడ పరీక్షలకు అతినీలలోహితాన్ని ఆపే ఫిల్టర్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి కొలిస్తే తప్పు ఎవరిదో తెలుస్తుంది.

## చవకదారి

పీఎం6 లాంటి పాలిమర్ల తయారీకి చాలా మెట్లు. చివర్లో విషపూరితమైన టిన్ సమ్మేళనాలూ వాడతారు. ధర ఊరికే పెరగలేదు. ఆర్గానిక్ సోలార్ సెల్ నిజంగా ఊళ్లలోకి రావాలంటే ఈ ప్రశ్న తేలాలి, నాకు ఎక్కువ ఆసక్తి ఇక్కడే.

రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, చవకైన పీ3హెచ్‌టీనే ఉంచుకుని యాక్సెప్టర్‌ను మార్చడం. 2016లో ఓ-ఐడీటీబీఆర్‌తో 6.4 శాతం వచ్చింది. పాలిమర్ అదే, చేతులు అలవాటుపడిన పొర అదే, కొత్త విషయం ఒక్కటే. రెండోది పీటీక్యూ10. చవక ముడిసరుకుతో రెండే మెట్లలో తయారయ్యే పాలిమర్. ఐడీఐసీ అనే యాక్సెప్టర్‌తో 12 శాతం దాటింది, వై6తో 16 దగ్గరికి వచ్చింది. సింథసిస్ చేతనైన ల్యాబులో చేరినవాళ్లు దీన్ని వదులుకోవద్దు.

## పాలిమర్‌తో పాలిమర్

యాక్సెప్టర్ కూడా పొడవాటి గొలుసైతే పొర వంగినా చిట్లదు, వేడికి అణువులు కదిలిపోయి గడ్డకట్టవు. మొదట్లో ఎన్2200 అనే పాలిమర్ వాడేవారు. ఇప్పుడు వై6 లాంటి ముక్కలనే గొలుసుగా కట్టిన పీవై-ఐటీ రకాలు వచ్చాయి. చిక్కేమిటంటే రెండు పెద్ద గొలుసులు ఒకదాంతో ఒకటి అంత సులువుగా కలవవు, ఈసారి రెండు సీసాల్లోనూ బ్యాచ్ తేడా. బట్ట మీదో ప్లాస్టిక్ మీదో వంగే సెల్ చేయడమే మీ పనైతే తీసుకోండి, లేకపోతే రెండో ఏడాదికి ఉంచండి.

మూడు పదార్థాలు కలిపే టర్నరీ బ్లెండ్లు కూడా ఉన్నాయి. రెండిటి నిష్పత్తే కుదరని దశలో మూడోదాని జోలికి వెళ్లకండి.

## ఎవరికి ఏది

ఆరు నెలల ఎమ్మెస్సీ ప్రాజెక్టు: మొదటి రెండు నెలలు పీ3హెచ్‌టీ + పీసీబీఎం, ఒకే పలక మీది సెల్స్ అన్నీ ఒకేలా వచ్చేదాకా. మిగతా నాలుగు నెలలు అదే పాలిమర్‌తో ఓ-ఐడీటీబీఆర్. చివరికి మీ దగ్గర ఒకే డోనర్, రెండు యాక్సెప్టర్ల పోలిక ఉంటుంది. ఫోన్ చేసిన అమ్మాయికి ఇదే చెప్పాను. "నాలుగు శాతమే వస్తే ఎవరైనా ఏమనుకుంటారో అని టెన్షన్ అక్కా" అంది. వైవాలో అడిగేది ఎంత వచ్చిందని కాదు, ఎందుకు అంతే వచ్చిందని. దానికి జవాబు ఈ పోలికలో దొరుకుతుంది.

పీహెచ్‌డీ మొదటి ఏడాది: నేరుగా పీఎం6 + వై6. ఐదేళ్ల తర్వాత మీ పేపర్లు చదివేవాళ్లు దాంతోనే పోల్చి చూస్తారు. మొదటి మూడు నెలలు ఫలితం 10 దగ్గరే తిరుగుతుంది, భయపడకండి.

వర్ణపటం, సిద్ధాంతం వైపు వాళ్లు: సెల్ చేయాల్సిన పని లేకపోతే పీఎం6 + వై6 చాలా లోతైన ప్రశ్న. డోనర్, యాక్సెప్టర్ శక్తి స్థాయుల మధ్య తేడా అంత తక్కువగా ఉన్నా ఎక్సిటాన్లు ఎలా విడిపోతున్నాయన్నది ఎంత తవ్వినా ఇంకా మిగిలే విషయం.

బీటెక్ బృందం, గదిలో నడిచే సెన్సర్ చేయాలనుకునేవాళ్లు: మీకు వై6 అనవసరం. ఎల్‌ఈడీ వెలుగు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్యే ఉంటుంది, పరారుణం పట్టుకునే శక్తి అక్కడ పనికిరాదు సరికదా, వోల్టేజీ తగ్గుతుంది. గది వెలుగుకు 1.8, 1.9 దగ్గరి బ్యాండ్ గ్యాప్ బాగా సరిపోతుంది. ఎండలో వెనకబడిన పీ3హెచ్‌టీ, పీసీడీటీబీటీ ఇక్కడ ముందుకొస్తాయి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డులో ఒక లక్స్ మీటరు, రెండు మూడు రకాల ఎల్‌ఈడీలు కొనుక్కుంటే పరీక్ష మొదలుపెట్టొచ్చు. 1000 లక్స్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 మిల్లీవాట్లే, ఎండలో అది 100. కరెంటు వందల రెట్లు తగ్గుతుంది కాబట్టి ఎండలో కనిపించని చిన్న లీకేజీ కూడా ఇక్కడ అంతా మింగేస్తుంది. ముందు చీకట్లో కరెంటు-వోల్టేజీ గ్రాఫు తీసి, లీకేజీ ఉన్న సెల్స్ పక్కన పెట్టండి.

మీ కాలేజీలో ఎవాపరేటర్ (లోహపు పొర వేసే పరికరం) లేకపోతే ఆగిపోకండి. ఐఐఎస్సీ నానో సెంటర్లో ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్ కింద బయటి కాలేజీల వాళ్లకూ పరికరాలు వాడుకునే వీలుంది. జక్కూర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్లో వేసవి ఫెలోషిప్ ఉంది, రెండు నెలలది. ఆ రెండు నెలల్లో అయ్యేది పీ3హెచ్‌టీ ఒక్కటే.

## ఆర్డర్ పెట్టేటప్పుడు

ఎంత కొనాలో చాలామందికి తెలియక భయపడతారు. పీఎం6 + వై6 ద్రావణం మిల్లీలీటరుకు మొత్తం 16 మిల్లీగ్రాములు, నిష్పత్తి 1:1.2. అంటే అందులో పీఎం6 సుమారు 7.3 మిల్లీగ్రాములు. 100 మిల్లీగ్రాములు కొంటే 13 మిల్లీలీటర్లకు పైగా ద్రావణం. పలకకు 40 మైక్రోలీటర్లు పోస్తే, వృథా తీసేసినా 250 పలకలు వస్తాయి. ఆరు నెలలకు అది ధారాళంగా సరిపోతుంది. రెండుసార్లుగా 50, 50 కొంటే బ్యాచ్ మారిపోవచ్చు. ఒకేసారి 100 కొనండి.

డబ్బు కట్టకముందే ఆ బ్యాచ్ అణుభారం ఎంతో రాతపూర్వకంగా అడగండి. ఒకసారి మాకు వచ్చిన పాలిమర్ క్లోరోఫాంలో మరీ తేలిగ్గా కరిగిపోయింది. సంతోషించాం. అణుభారం తక్కువని తెలిసేసరికి మూడు నెలలు పోయాయి. విదేశాల నుంచి రావాల్సినవైతే కస్టమ్స్‌తో కలిపి రెండు నెలలైనా చేతిలో ఉంచుకోండి. జూన్‌లో ప్రాజెక్టు మొదలైతే ఆర్డర్ ఏప్రిల్‌లోనే వెళ్లాలి. సీసా రాగానే మొత్తాన్ని ఒకేచోట ఉంచకుండా గ్లవ్ బాక్సులోనే 10 మిల్లీగ్రాముల చొప్పున చిన్న సీసాల్లోకి పంచి, ఒక్కోదాని మీద బ్యాచ్ నంబరు, తేదీ రాసి, రేకు చుట్టి పెట్టండి. వర్షాకాలంలో ఫ్రిజ్‌లోంచి బయటికి తీసిన సీసాను మూత తీసే ముందు గది వేడికి రానివ్వండి. చల్లటి గాజు మీద తేమ ఎంత త్వరగా పడుతుందో ఆగస్టులో ఒక్కసారి చూస్తే మళ్లీ చెప్పక్కర్లేదు.